క్యామ్‌కార్డర్ కొనడానికి మెమరీ కార్డు పట్టుకుని వెళ్ళాను

“ఫోన్‌లో అంత మంచి కెమెరా పెట్టుకుని మళ్ళీ క్యామ్‌కార్డర్ ఏమిటమ్మా?” అని మా అత్తగారు అడిగారు. మా ఆయన అడగలేదు గానీ చూపులో అదే ఉంది. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, పుట్టినరోజులకీ తిరుపతి ప్రయాణాలకీ ఫోన్ చాలు. కానీ మద్రాసులో డ్యాన్స్ నేర్చుకునే పిల్ల ఉన్న ఇంట్లో వీడియో తీయడం సరదా పని కాదు. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. డిసెంబర్ సీజన్ వచ్చిందంటే సభలు, గుళ్ళు, కాలనీ అసోసియేషన్ వాళ్ళ కార్యక్రమాలు, ఒకదాని వెనక ఒకటి. ప్రతిదానికీ వీడియో కావాలి. టీచర్ గారు చూసి తప్పులు దిద్దుతారు, నెల్లూరులో తాతయ్య చూడాలి, ఇంకో సభలో అవకాశం అడగాలంటే ముందు ఒక క్లిప్పు పంపమంటారు.

కొన్నాళ్ళు ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను. హాల్లో వెనక వరసలో కూర్చుని జూమ్ చేస్తే మొహం ఉండాల్సిన చోట మరకలు కనిపిస్తాయి, సరే, అది సర్దుకోవచ్చు. తరంగం దగ్గరే వచ్చింది చిక్కు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు పెట్టి చేసే అంశం అది, అసలే నిడివి ఎక్కువ, అప్పటికే ముందు అంశాలన్నీ ఆపకుండా తీస్తూ వచ్చాను, సరిగ్గా పిల్ల పళ్ళెం ఎక్కే వేళకి ఫోన్ వేడెక్కి కెమెరా దానంతటదే మూసుకుంది. పక్కావిడ ఫోన్‌లో తీసిన క్లిప్పు అడిగి తెచ్చుకున్నాను. అందులో పళ్ళెం కంటే ముందు వరసలో కూర్చున్నాయన తల బాగా వచ్చింది.

మా ఆయన ఆఫీసులో ఒకాయన మిర్రర్‌లెస్, అంటే లెన్సు మార్చుకునే స్టిల్ కెమెరా, కొనమన్నారు. బొమ్మ అద్భుతంగా వస్తుంది, కాదనను. కానీ కొన్నాళ్ళ క్రితం దాకా చాలా స్టిల్ కెమెరాలు ఒక్క బిగిన 29 నిమిషాల 59 సెకన్లకి మించి రికార్డు చేసేవి కావు. దాని వెనక కథ తమాషాగా ఉంటుంది. యూరప్‌లో అరగంట, అంతకు మించి రికార్డు చేసే కెమెరాని వీడియో కెమెరాగా లెక్కగట్టి దిగుమతి సుంకం ఎక్కువ వేసేవారు, అందుకని కంపెనీలు ఒక్క సెకను తగ్గించి పెట్టాయి. ఇప్పుడొచ్చే వాటిలో చాలావాటికి ఆ హద్దు లేదు గానీ, హాలు చివరి నుంచి పిల్ల కళ్ళు కనిపించేంత జూమ్ ఉన్న లెన్సు విడిగా కొనాలంటే దాని ఖర్చు కెమెరా ఖర్చుతో పోటీ పడుతుంది. క్యామ్‌కార్డర్ అయితే 20 రెట్ల జూమ్ అందులోనే ఉంటుంది, ట్రైపాడ్ మీద పెట్టి బటన్ నొక్కితే కార్డు నిండేదాకా తీస్తూనే ఉంటుంది.

ఇక బీరువాలో మా పెళ్ళినాటి మినీ డీవీ హ్యాండీక్యామ్ ఉంది, అదే వాడుకోవచ్చు కదా అన్నారు అత్తగారు. నిజానికి ఆ టేపు ఎడిటింగ్‌కి చాలా బుద్ధిమంతురాలు, ప్రతి ఫ్రేమూ దేనికదే విడిగా ఉంటుంది, గంటకి 13 జీబీ దాకా వస్తుంది. అయితే టేపులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఫైర్‌వైర్ పోర్టు కావాలి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి అది లేదు, గంట టేపు ఎక్కడానికి గంటా పడుతుంది. ఆ క్యాసెట్ల సంగతి ఇంకెప్పుడైనా చూడాలి, అది వేరే యజ్ఞం.

మా తమ్ముడు నెల్లూరులో పెళ్ళి వీడియోలు తీస్తాడు. వాడికి ఫోన్ చేసి ఏ క్యామ్‌కార్డర్ కొనను అంటే, “అక్కా, ముందు నీ ల్యాప్‌టాప్ ఏంటో చెప్పు, మిక్సింగ్ దేంట్లో చేస్తావో చెప్పు, కెమెరా సంగతి తర్వాత” అన్నాడు. వాళ్ళకి ఎడిటింగ్ అంటే మిక్సింగే. ఆ ఒక్క మాట నాకు చాలా డబ్బు మిగిల్చింది.

నా ల్యాప్‌టాప్ కొత్తదేం కాదు. ఐ5, ఎనిమిదో తరం, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇంతకుముందు విండోస్ మూవీ మేకర్‌లో ఏదో అతికించేదాన్ని, దాన్ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. తర్వాత డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వేసి చూశాను. అందులో లేనిది లేదు, కాకపోతే నా 8 జీబీ ర్యామ్‌కి అది పెద్ద బరువు, తెరుచుకునేలోపు కాఫీ కలుపుకుని రావచ్చు. చివరికి షాట్‌కట్ దగ్గర స్థిరపడ్డాను. ఉచితం, తేలిక, కట్ చేయడం, అతికించడం, పేర్లు వేయడం, ఆడియో సరిచేయడం, నాకు కావలసింది అంతే.

అందులో ఫోన్ వీడియో వేసినప్పుడల్లా ఒక హెచ్చరిక వచ్చేది. ఈ ఫైల్‌లో ఫ్రేమ్ రేటు నిలకడగా లేదు, ఎడిటింగ్‌కి అనువైన రూపంలోకి మార్చమంటారా అని. మొదట్లో విసుక్కుని వద్దు నొక్కేదాన్ని. తమ్ముడు మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసుకోమన్నాడు, ఏ వీడియో ఫైల్ లోపల ఏముందో అది విప్పి చూపిస్తుంది. ఫోన్ ఫైల్‌ని అందులో పడేస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ అన్న చోట వేరియబుల్ అని ఉంది. అంటే సెకనుకి 30 ఫ్రేములు అని పేరుకే, వెలుతురు తగ్గినా ఫోన్ వేడెక్కినా ఒక సెకనులో తక్కువ, ఇంకో సెకనులో ఎక్కువ పడుతుంటాయి. ఆడియో మాత్రం తన దారిన తాను సమంగా పోతుంది. మామూలు వీడియోలో ఇది ఎవరికీ పట్టదు. డ్యాన్స్‌లో అలా కాదు. నట్టువాంగం (డ్యాన్స్‌ని నడిపించే గురువు వేసే తాళం) మోగిన క్షణానికి పాదం నేలని తాకాలి, గజ్జె మోగాలి. అంశం మొదట్లో సరిగ్గానే ఉంటుంది, చివరి జతికి, అంటే చివరి అడుగుల వరసకి, వచ్చేసరికి చప్పుడు ముందు, పాదం వెనక. టీచర్ గారు ఒకసారి ఆ వీడియో చూసి పిల్ల తాళం తప్పుతోందన్నారు. తాళం తప్పింది పిల్ల కాదు, ఫైల్.

అందుకని నా మొదటి షరతు అదే అయింది, ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండాలి. క్యామ్‌కార్డర్లలో ఇది పెద్ద అడ్డంకి కాదు, అవి స్థిరంగానే తీస్తాయి.

రెండో షరతు కోడెక్, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతి. ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. ఎంపీ4 అనేది సంచీ పేరు, లోపల హెచ్.264 ఉండొచ్చు, హెచ్.265 ఉండొచ్చు. కెమెరా డబ్బా మీద ఎంపీ4 అని ఉంది, నా సాఫ్ట్‌వేర్ ఎంపీ4 తెరుస్తుంది, ఇక టెన్షన్ లేదు అనుకోవడానికి లేదు. హెచ్.265 ఫైల్ చిన్నదిగా ఉంటుంది గానీ దాన్ని విప్పడానికి ప్రాసెసర్ ఎక్కువ కష్టపడాలి, టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరుపుతుంటే నా ల్యాప్‌టాప్ ఫ్యాను గోల మొదలుపెడుతుంది. ఇంకో సంగతి, విండోస్‌లో మామూలు ప్లేయర్‌కి హెచ్.265 కోసం ఎక్స్‌టెన్షన్ అడుగుతుంది, షాట్‌కట్ మాత్రం తన డీకోడర్లు తానే వెంట తెచ్చుకుంటుంది. కాబట్టి డబుల్ క్లిక్ చేస్తే ఆడలేదని కెమెరాని వద్దనుకోకూడదు, ఆడింది కదా అని కొనెయ్యకూడదు. ఎడిటర్‌లో వేసి, అటూ ఇటూ జరిపి, రెండు చోట్ల కట్ చేసి చూస్తేనే తెలుస్తుంది. తమ్ముడి కొత్త కెమెరా ఫైల్ ఒకటి పంపించుకుని చూశాను, అదీ హెచ్.264నే, కానీ 10 బిట్ 4:2:2 రకం, అంటే రంగుల వివరాలు ఎక్కువగా దాచుకునేది. రంగులు తర్వాత దిద్దుకునే వాళ్ళకి అది కావాలి. అలాంటి వాటికి చాలా కంప్యూటర్లలో హార్డ్‌వేర్ సాయం ఉండదు, భారమంతా ప్రాసెసరే మోయాలి. నా ల్యాప్‌టాప్‌లో అది ఆగి ఆగి నడిచింది. వాడి దగ్గర పెద్ద మెషీన్ ఉంది, వాడి గోల వాడిది.

ఈ మధ్యలో మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తోంది, అక్కడ కొని తెస్తానంది. మంచి మనసుతోనే అంది. వద్దని చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాను గానీ చెప్పాను. అక్కడ అమ్మే క్యామ్‌కార్డర్లు మామూలుగా 60, 30 ఫ్రేముల లెక్కలో తీస్తాయి, మన దగ్గరవి 50, 25. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. 50 ఫ్రేముల కెమెరా దానితో కలిసిపోతుంది. 60 ఫ్రేములది కలవదు, కల్యాణ మంటపం ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మ మొత్తం చిన్నగా కొట్టుకుంటూ కనిపిస్తుంది. షట్టర్‌ని 1/100కి బిగిస్తే తగ్గుతుంది, కానీ ప్రతిసారీ గుర్తుపెట్టుకుని ఆ పని ఎవరు చేస్తారు. పైగా స్నేహితులు మన కెమెరాలతో తీసిన క్లిప్పుల్ని దాని పక్కన అతికిస్తే ఫ్రేములు కుదరక కదలిక గతుకులు గతుకులుగా ఉంటుంది. ఆడపడుచు బదులుగా ట్రైపాడ్ తెచ్చింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఇక షాపులు. క్యామ్‌కార్డర్లు ఇప్పుడు పెద్ద షోరూముల్లో పెద్దగా కనపడటం లేదు, అడిగితే వ్లాగింగ్ కెమెరాలు చూపిస్తున్నారు. వెళ్ళేముందు రిచీ స్ట్రీట్‌లో ఒక 64 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు కొన్నాను, వీడియో రాసే వేగం చెప్పే యూ3, వీ30 గుర్తులున్నది, ఎస్‌డీ అడాప్టర్‌తో సహా. కొన్ని చిన్న క్యామ్‌కార్డర్లకి మైక్రో ఎస్‌డీ స్లాటే ఉంటుంది, పెద్ద వాటికి ఎస్‌డీ, ఇలాంటిదైతే రెండింటికీ సరిపోతుంది. మార్కెట్‌లో నకిలీ కార్డులు తిరుగుతుంటాయి కాబట్టి ఇంటికి తెచ్చి ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం నింపి చదివించి చూశాను. నాది అసలుదే. ఇది చేయడానికి టైం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు.

కార్డు పర్సులో పెట్టుకుని మౌంట్ రోడ్ వైపు కెమెరా షాపులు తిరిగాను. మొదటి చోట కుర్రాడిని ఇది షాట్‌కట్‌లో బాగా నడుస్తుందా అని అడిగితే “ఎల్లా సాఫ్ట్‌వేర్‌లయుమ్ వర్క్ ఆగుమ్ మేడమ్” (అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ పనిచేస్తుంది) అన్నాడు, షాట్‌కట్ పేరు వాడు అదే మొదటిసారి వినడం. నా కార్డు పెట్టి రెండు నిమిషాలు తీసుకోనివ్వమంటే సీలు విప్పకూడదన్నాడు. అది వాళ్ళ పద్ధతి, బయటికి వచ్చేశాను. ఇంకో చోట కౌంటర్ వెనక పెద్దాయన నా తమిళం యాస విని “మనవాళ్ళా అమ్మా, ఏ ఊరు?” అన్నారు. నెల్లూరు అంటే కుర్చీ వేయించారు. ఆయన పుట్టింది ఇక్కడే, తెలుగు మాత్రం చక్కగా ఉంది. విషయం చెప్పగానే “అడిగేవాళ్ళు ఇలా అడగాలి” అని, డెమో పీసులూ చేతులు మారిన కెమెరాలూ కలిపి మూడు తీసి బల్ల మీద పెట్టారు.

ఒకటి సోనీ సీఎక్స్405, అరచేతిలో ఇమిడిపోతుంది, 30 రెట్ల జూమ్, ధర తక్కువ. ఒకటి పానసోనిక్ హెచ్‌సీ వీ785. మూడోది సోనీ ఏఎక్స్53, 4కే తీసేది, ఎవరో వాడి అమ్మింది. మూడింటిలోనూ నా కార్డు పెట్టి, ప్రతి రికార్డింగ్ మోడ్‌లోనూ కాసేపు తీశాను. ఏం తీశానంటే, పైన తిరుగుతున్న ఫ్యాను, ట్యూబ్‌లైటు, గాజు తలుపు అవతల రోడ్డు మీద పోయే ఆటోలు, నా చేతులు. చేతులతో ఒక చప్పట్ల వరస కూడా తీశాను, తకధిమి తకఝణు వేగంగా, శబ్దం బొమ్మ కలుస్తున్నాయా అని. పెద్దాయన నవ్వి “నెల్లూరు వాళ్ళకి తెలివి ఎక్కువమ్మా” అన్నారు. ఆ మాటకి ఒక పది శాతం తగ్గిస్తారేమో అనుకున్నాను, తగ్గించలేదు.

ఇంటికొచ్చి కార్డు రీడర్‌లో పెడితే అసలు సంగతులు అప్పుడు బయటపడ్డాయి.

ఏవీసీహెచ్‌డీ మోడ్‌లో తీసినవి ప్రైవేట్ అనే ఫోల్డర్‌లో, దాని లోపల ఇంకో రెండు ఫోల్డర్ల అడుగున, స్ట్రీమ్ అనే చోట ఎంటీఎస్ ఫైళ్ళుగా ఉంటాయి. ఈ ఏవీసీహెచ్‌డీ సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి. షాట్‌కట్ వాటిని ఇబ్బంది లేకుండా తెరిచింది. కానీ రెండు తలనొప్పులున్నాయి. ఒకటి, సుదీర్ఘంగా తీస్తే ఫైల్ దాదాపు 2 జీబీ దగ్గర తెగి కొత్త ఫైల్ మొదలయ్యే మోడళ్ళు చాలా ఉన్నాయి. సెకనుకి 28 మెగాబిట్ల నాణ్యతలో అంటే తొమ్మిదిన్నర నిమిషాలకో ముక్క. ఆ ముక్కల్ని టైమ్‌లైన్ మీద పక్కపక్కన పెడితే అతుకు దగ్గర చిన్న చిటుకు వినిపించవచ్చు, ఒకటి రెండు ఫ్రేములు జారవచ్చు. పాట నడుస్తుండగా ఆ చిటుకు చెవికి ముల్లులా తగులుతుంది. దీనికి మందు ఉంది, ఎడిటర్‌లో వేయకముందే ముక్కల్ని కలిపెయ్యాలి. కెమెరాతో వచ్చే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది, లేదంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ ఆదేశానికి బైనరీ స్విచ్ తగిలించి ఫైళ్ళ పేర్ల మధ్య ప్లస్ గుర్తు పెట్టినా చాలు. నేను చేసి చూశాను, పనిచేస్తుంది. ఏవీసీహెచ్‌డీ కెమెరా ఉన్నవాళ్ళు ఇంకోటి పాటిస్తే మంచిది, ఎంటీఎస్ ఫైళ్ళని మాత్రమే ఏరుకోకుండా కార్డులోని ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవాలి, ఏ ముక్క దేని తర్వాతదో చెప్పే వివరాలు మిగతా ఫైళ్ళలో ఉంటాయి.

రెండో తలనొప్పి ఆడియో. ఏవీసీహెచ్‌డీలో శబ్దం డాల్బీ, అంటే ఏసీ-3. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. షాట్‌కట్‌లో వచ్చింది. అయితే కెమెరా 5.1 సరౌండ్‌లో ఉంటే వెనక కూర్చున్న వాళ్ళ దగ్గూ, చిప్స్ ప్యాకెట్ చప్పుడూ వేరే ఛానెళ్ళలోకి చేరి, స్టీరియోకి దింపేటప్పుడు అవి కూడా కలుస్తాయి. మెనూలో 2 ఛానెల్ స్టీరియో అని ఎంచుకుంటే ఆ గొడవ ఉండదు.

50ఐ అనే మోడ్ కూడా తీసి చూశాను. ఇందులో ఫ్రేమ్‌ని సరిగీతలు, బేసిగీతలుగా విడగొట్టి తీస్తారు. టీవీ కోసం పుట్టిన పద్ధతి. కంప్యూటర్‌లో ఆపి చూస్తే చప్పట్లు కొట్టే వేళ్ళ అంచులన్నీ దువ్వెన పళ్ళలా విడిపోయి కనిపించాయి. డీఇంటర్లేస్ చేసుకోవచ్చు, కానీ 50పీ, అంటే సెకనుకి 50 నిండు ఫ్రేములు తీసే మోడ్, చేతిలో ఉండగా దాని జోలికి పోవడం దేనికి.

ఇక సోనీలు రెండింటిలోనూ ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే మోడ్ ఉంది. ఆ ఫైల్ మీడియాఇన్ఫోలో వేస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫార్మాట్ ఏవీసీ, అంటే హెచ్.264. 8 బిట్, 4:2:0. ఫ్రేమ్ రేట్ మోడ్ కాన్‌స్టంట్, 50.000. ఆడియో పీసీఎం, 2 ఛానెళ్ళు, 48 కిలోహెర్ట్జ్. పీసీఎం అంటే కుదించని శబ్దం, ఏ ఎడిటర్ అయినా నోరెత్తకుండా తీసుకుంటుంది. టైమ్‌లైన్ మీద వేసి చప్పట్ల దగ్గర ఒక్కో ఫ్రేమూ జరిపి చూశాను, అరచేతులు తాకిన ఫ్రేములోనే ఆడియో గీతలో ముల్లు లేచి ఉంది. షాట్‌కట్ ఏ హెచ్చరికా ఇవ్వలేదు, ఫ్యాను కూడా గోల పెట్టలేదు. నాలాంటి 64 జీబీ కార్డు (ఎస్‌డీఎక్స్‌సీ రకం) ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది కాబట్టి 4 జీబీ దగ్గర తెగాల్సిన అవసరమూ లేదు.

ఇక్కడితో పని అయిపోయి, చౌకగా ఉన్న సీఎక్స్405 తీసుకునేదాన్నే. కానీ దానికి బయటి మైకు పెట్టుకునే జాక్ లేదు. ఇంట్లో పిల్లల ఆటలు తీసుకునేవాళ్ళకి ఆ జాక్‌తో పనేలేదు, నాకు మాత్రం అది లేకపోతే సగం వీడియో లేనట్టే. పానసోనిక్‌లో ఆ జాక్ ఉంది, బొమ్మా బాగుంది. దానికీ ఏఎక్స్53కీ మధ్య చాలా ఊగిసలాడాను. చివరికి తూచింది రెండు విషయాలు. ఏఎక్స్53లో మైకు జాక్‌తో పాటు కంటి దగ్గర పెట్టుకునే వ్యూఫైండర్ ఉంది. చీకటి హాల్లో స్క్రీన్ తెరిచి పెడితే వెనకవాళ్ళు సణుగుతారు, వ్యూఫైండర్ అయితే ఎవరికీ అడ్డం లేదు. రెండోది లెన్సు మొత్తాన్ని కదిలించి వణుకు ఆపే ఏర్పాటు, గుళ్ళో ట్రైపాడ్ పెట్టనివ్వని చోట చేత్తో పట్టుకుని తీసినా నిలబడుతుంది. వాడిన పీసు కాబట్టి కొత్తదాని ధరలో సగానికి కాస్త ఎక్కువ పడింది. పెద్దాయన బిల్లు ఇచ్చి, ఏదైనా తేడా వస్తే తెచ్చెయ్యమ్మా అన్నారు.

4కే ఉంది కదా అని 4కేలోనే తీస్తున్నావా అని అందరూ అడుగుతారు. లేదు. ఇందులో 4కే సెకనుకి 25 ఫ్రేములే. కుదురుగా కూర్చుని పాడేవాళ్ళని తీయడానికి అది బంగారం, వెడల్పుగా తీసి తర్వాత ఎడిటింగ్‌లో మొహం దాకా కత్తిరించుకున్నా ఫుల్ హెచ్‌డీ నాణ్యత మిగులుతుంది, ఒకే కెమెరాతో రెండు కెమెరాలున్నట్టు చూపించొచ్చు. జతుల్లో మాత్రం పాదాలు అలుక్కుపోతాయి. ఫుల్ హెచ్‌డీ 50పీలో అడుగు అడుగూ విడిగా కనిపిస్తుంది, టీచర్ గారికి కావలసింది అదే. లెక్కలు కూడా ఉన్నాయి. 4కే నాణ్యత పైస్థాయిలో సెకనుకి 100 మెగాబిట్లు, అంటే గంటకి 45 జీబీ, నా 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. ఫుల్ హెచ్‌డీ 50 మెగాబిట్లయితే గంటకి ఇరవై రెండున్నర జీబీ, రెండున్నర గంటల ప్రోగ్రాం మొత్తం పడుతుంది. నా ల్యాప్‌టాప్‌లో 4కే నేరుగా నడవదు కూడా, షాట్‌కట్‌లో ప్రాక్సీ ఆన్ చేసుకోవాలి. అంటే అది ప్రతి ఫైల్‌కీ ఒక చిన్న నకలు తయారుచేసుకుని, మనం ఆ నకలు మీద కట్ చేస్తే, ఆఖర్న ఎక్స్‌పోర్ట్ అసలు ఫైల్ నుంచి చేస్తుంది. బాగానే పనిచేస్తుంది, నకళ్ళు తయారయ్యేదాకా వంట పూర్తి చేసుకోవచ్చు.

మొదటి ప్రోగ్రాం మైలాపూర్‌లో ఒక చిన్న హాల్లో. ఎక్స్‌ఏవీసీ ఎస్, 50పీ, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టాను. ఆటోలో వదిలేస్తే స్టేజీ మీద లైట్లు మారినప్పుడల్లా అది వెతుక్కుంటూ ఉంటుంది. ఎక్స్‌పోజర్ కూడా కాస్త తగ్గించాను. స్టేజీ వెనక నల్ల తెర ఉంటే కెమెరా మొత్తం చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, దాంతో పిల్ల మొహం తెల్లగా పేలిపోతుంది. తరంగం మొదలు నుంచి చివర దాకా ఒక్క ఫైల్‌గా వచ్చింది. ఇంటికొచ్చి మొదటి జతి, చివరి జతి, రెండూ పోల్చాను, తాళం ఎక్కడా జారలేదు. వీడియో టీచర్ గారికి పంపితే ఈసారి తాళం గురించి మాట్లాడలేదు, ఎడమ మోచేయి దిగిపోతోందన్నారు. అది పిల్లదే.

ఇంకా కుదరనిది ఆడియో. కెమెరా మైకులో శబ్దాన్ని తనే హెచ్చించి తగ్గించే ఏర్పాటు ఉంది, నట్టువాంగం తాళం గట్టిగా మోగగానే పాట కిందికి కుంగి, మళ్ళీ నెమ్మదిగా పైకి లేస్తుంది. హాలు సౌండ్ ఆపరేటర్‌ని అడిగితే మిక్సర్ నుంచి ఒక లైన్ ఇస్తానన్నాడు. మిక్సర్ లైన్ లెవెల్ మైకు జాక్‌కి చాలా ఎక్కువ, నేరుగా గుచ్చితే శబ్దం పగిలిపోతుంది, మధ్యలో తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ కావాలి. తమ్ముడు మాత్రం కేబుల్ వద్దక్కా, చిన్న ఆడియో రికార్డర్ ఒకటి విడిగా మిక్సర్‌కి పెట్టి, తర్వాత చప్పట్లతో కలుపుకో అంటున్నాడు. వచ్చే నెల ప్రోగ్రాంలోపు ముందు కేబుల్ తెచ్చి ఇంట్లో టీవీ సౌండ్‌తో ప్రయత్నిస్తాను, కుదరకపోతే రికార్డర్ కొనడమే.